ఉచిత సాఫ్ట్‌వేర్‌కి జీతం ఎవరిస్తారు?

పాలిటెక్నిక్ ల్యాబులో ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచి, "ఇది ఉచితం. ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, నలుగురికీ పంచొచ్చు, లోపల ఎలా రాశారో చూసి మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు" అని చెబితే పిల్లల నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "మరి రాసినవాళ్లకి డబ్బులెలా వస్తాయి సార్?"

ఈ ప్రశ్నకు మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. సరదా కొద్దీ ఖాళీ వేళల్లో రాస్తారన్నది ఒకటి. వాడుకునేవాళ్లు విరాళాలిస్తారన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ వంతెన దూలాన్నీ, నీళ్ల పంపు చక్రాన్నీ, వాషింగ్ మెషీన్ లోపలి సర్క్యూట్ బోర్డునీ తయారీకి ముందే కంప్యూటర్ మీద రూపొందించే సాఫ్ట్‌వేర్ విషయంలో ఆ రెండూ చాలవు. ఎందుకు చాలవో, చాలని చోట డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ అధ్యాయంలో చూద్దాం.

బొమ్మ వెనక లెక్క

తెర మీద కనిపించేది బొమ్మే అయినా, ఇంజనీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ నిజంగా చేసే పని లెక్క. ఇనుప దిమ్మెకు బెజ్జం పెట్టి, దాని అంచుల్ని కాస్త గుండ్రంగా చేయమన్నామనుకోండి. ఏ తలం ఎక్కడ ఆగుతుంది, రెండు వంపులు ఏ గీత మీద కలుస్తాయి, కలిసిన చోట వెంట్రుకవాసి సందు మిగిలిందా అన్నవన్నీ అది లెక్కగట్టాలి. ఆ సందు మిగిలితే కోత యంత్రం తప్పుగా కోస్తుంది. ఈ లెక్కలు చేసే లోపలి భాగాన్ని మనం జ్యామితి యంత్రం అనుకుందాం. ఇంజనీర్లు దాన్ని జియోమెట్రీ కెర్నల్ అంటారు.

ప్రపంచం మొత్తం మీద గట్టి జ్యామితి యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో పేరున్న పారాసాలిడ్ సీమెన్స్ చేతిలో ఉంది. ఏసిస్ దసో సిస్టమ్స్ కుటుంబంలో ఉంది. అందరికీ తెరిచి ఉంచినవాటిలో పెద్దది ఓపెన్ కాస్కేడ్. దాన్ని మొదట నిర్మించింది మాత్రా దాతావిజియోన్ అనే ఫ్రెంచి కంపెనీ. 1999లో దాని మూలాన్ని, అంటే సోర్స్ కోడ్‌ని, బయటపెట్టింది. ఆ ఒక్క నిర్ణయం జరగకపోయి ఉంటే దాని మీదే నడిచే, ఈ రోజు మనకు తెలిసిన ఫ్రీక్యాడ్ ఉండేది కాదు. అలాంటి యంత్రాన్ని సెలవురోజుల్లో కూర్చుని మొదటి నుంచి రాయడం ఎవరి వల్లా కాదు.

యంత్రం చేతిలో ఉన్నంత మాత్రాన కష్టాలు తీరవు. ఫ్రీక్యాడ్‌ని ఏళ్ల తరబడి వేధించిన చిక్కు ఒకటుంది. దిమ్మె గీసి, దాని పై తలం మీద బెజ్జం పెడతాం. సాఫ్ట్‌వేర్ ఆ తలాన్ని ఆరో నంబరు తలంగా గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత మనం వెనక్కి వెళ్లి దిమ్మె ఆకారం కొంచెం మారుస్తాం. తలాల నంబర్లు మళ్లీ కొత్తగా పడతాయి. ఇప్పుడు ఆరో నంబరు పక్క తలానికి వచ్చింది. బెజ్జం కూడా దాంతోపాటే పక్కకు ఎగిరిపోతుంది. వారం రోజుల డిజైన్ ఒక్క మార్పుతో చెల్లాచెదురవుతుంది. దీనికి ఒక స్వచ్ఛంద రచయిత తన సొంత ప్రతిలో మందు కనిపెట్టాడు. ఆ మందును అందరూ వాడే ప్రతిలోకి తేవడానికి మళ్లీ ఏళ్లు పట్టింది. 2002లో మొదటిసారి బయటికొచ్చిన ఫ్రీక్యాడ్, ఈ చిక్కు చాలావరకు తీరాకే, 2024 నవంబరులో తన 1.0 ప్రతిని ప్రకటించుకుంది.

ఇలాంటి పని చేయాలంటే జ్యామితి తెలియాలి, ప్రోగ్రామింగ్ తెలియాలి, లేత్ ముందు నిలబడ్డవాడికి ఏం కావాలో కూడా తెలియాలి. మూడూ తెలిసినవాళ్లు అరుదు. వాళ్లకు మంచి జీతాలిచ్చే కంపెనీలు సిద్ధంగా ఉంటాయి. మరోవైపు ఈ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల సంఖ్య ఫోన్‌లో పాటలు వినేవాళ్లతో పోలిస్తే బహు తక్కువ. కోటిమంది వాడేదానికి వెయ్యిలో ఒకరు వంద రూపాయలిచ్చినా పదిలక్షలు పోగవుతాయి. కొన్ని వేలమంది వాడేదానికి అదే లెక్కన వచ్చేది ఒక ఇంజనీరు నెల జీతానికి చాలదు. విరాళం లెక్క ఇక్కడ తప్పేది వాడుకరుల మంచితనంలో కాదు, వాళ్ల సంఖ్యలో.

గ్రెనోబుల్ పంతులు, జెనీవా ప్రయోగశాల

సర్క్యూట్ బోర్డులు గీసే కీక్యాడ్ కథ ఈ చిక్కుకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి జవాబు. అందుకే దాని దగ్గర కాసేపు ఆగుదాం.

ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ పట్టణం పక్కన ఒక సాంకేతిక విద్యాసంస్థలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చెప్పే జాఁ పియెర్ షారాస్ 1992లో దీన్ని మొదలుపెట్టాడు. ఆయనకు జీతమిచ్చింది కాలేజీ. అంటే కీక్యాడ్ మొదటి పోషకురాలు, ఎవరికీ చెప్పకుండానే, ఫ్రెంచి ప్రభుత్వ విద్యావ్యవస్థ. అలా ఒక మనిషి ఓపిక మీద మొదలై, తర్వాత కొందరు స్వచ్ఛంద రచయితలు చేరి, చాలా ఏళ్లు నెమ్మదిగా నడిచింది. చిన్న బోర్డులకు పనికొచ్చేది. పెద్ద పరిశ్రమలు దాని వంక చూసేవి కావు.

మలుపు 2013లో వచ్చింది. జెనీవా దగ్గర అణుకణాలను ఢీకొట్టించే సెర్న్ ప్రయోగశాల తన మనుషుల సమయాన్ని కీక్యాడ్‌కి కేటాయించడం మొదలుపెట్టింది. ఇది దానధర్మం అనుకుంటే పొరపాటు. సెర్న్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లకు సొంత ఇబ్బంది ఒకటుంది. కిలోమీటర్ల దూరంలో ఉన్న పరికరాల గడియారాలను నానోసెకను తేడా కూడా లేకుండా కలిపి ఉంచే వైట్ రాబిట్ లాంటి పనుల్ని వాళ్లు ఇతర దేశాల ప్రయోగశాలలతో కలిసి చేస్తారు. తమ బోర్డుల డిజైన్లు ఎవరైనా వాడుకోవచ్చని 2011లో ప్రత్యేకంగా లైసెన్సు పత్రం కూడా రాశారు. కానీ ఆ డిజైన్ ఫైలు తెరవాలంటే అవతలివాళ్లు ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాల్సి వస్తే, పంచిందంతా తాళం వేసిన పెట్టెలో పెట్టి పంచినట్టే. ఉచితంగా దొరికే సాధనం గట్టిగా ఉంటేనే సెర్న్ పంపకం అర్థవంతమవుతుంది. అందుకని సాధనాన్నే గట్టిపరచడానికి పూనుకుంది.

ఫలితం కంటికి కనిపించేటట్టు వచ్చింది. సర్క్యూట్ బోర్డు మీద సన్నని రాగి గీతలుంటాయి. ఒకదానికొకటి తగలకుండా వాటిని నడపడం చేతిపనుల్లోకెల్లా విసుగెత్తించే పని. కొత్త గీత గీస్తుంటే అడ్డొచ్చిన పాత గీతలు వాటంతటవే పక్కకు జరిగి దారివ్వడం అప్పటిదాకా ఖరీదైన సాఫ్ట్‌వేర్లలో కనిపించే సౌకర్యం. సెర్న్ ఇంజనీర్లు దాన్ని కీక్యాడ్‌లో రాసిపెట్టారు. ఆ తర్వాత కీక్యాడ్‌ని ఎవరూ విద్యార్థుల ఆటబొమ్మ అనలేదు. నాలుగు లేయర్ల బోర్డు గీసే ఇంజనీరు కూడా ధైర్యంగా దాన్ని తెరిచాడు.

ఇంతలో పోటీ కంపెనీ నిర్ణయం కూడా కలిసొచ్చింది. చిన్న డిజైనర్లకు ఇష్టమైన ఈగిల్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2016లో ఆటోడెస్క్ కొన్నది. 2017 జనవరిలో, ఒకసారి కొని ఎన్నాళ్లయినా వాడుకునే పద్ధతి తీసేసి చందా పద్ధతి పెట్టింది. 2026 జూన్ 7తో ఈగిల్ అమ్మకాలూ మద్దతూ ముగిస్తామని 2023లో ప్రకటించింది. ఏళ్ల తరబడి గీసిన డిజైన్లు తమవే అయినా, వాటిని తెరిచే తాళంచెవి వేరేవాళ్ల దగ్గర ఉందని చాలామందికి అప్పుడు తెలిసొచ్చింది. వాళ్లలో ఎందరో కీక్యాడ్ వైపు వచ్చారు.

వచ్చినవాళ్లతోపాటు కొత్త రకం పోషకులూ వచ్చారు. ఎలక్ట్రానిక్ విడిభాగాలమ్మే డిజికీ లాంటి వ్యాపారులు, బోర్డులు తయారుచేసి పంపే కంపెనీలు కీక్యాడ్‌కి డబ్బివ్వడం మొదలుపెట్టాయి. కారణం సూటిగా ఉంది. ఎంత ఎక్కువమంది డిజైన్ గీయగలిగితే ఈ కంపెనీలకు అంత ఎక్కువ ఆర్డర్లు. 2019లో కీక్యాడ్ లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి చేరింది. దాంతో విరాళం తీసుకోవడానికీ, లెక్కలు చూపడానికీ, కంపెనీలతో ఒప్పందం రాసుకోవడానికీ ఒక చట్టబద్ధమైన చిరునామా దొరికింది. ముఖ్య రచయితల్లో కొందరు పక్కనే కీక్యాడ్ సర్వీసెస్ కార్పొరేషన్ అని కంపెనీ నడుపుతున్నారు. సాఫ్ట్‌వేర్ ఉచితమే. అది మొరాయిస్తే వెంటనే చూసే మనిషి కావాలన్న కంపెనీలు మాత్రం రుసుము కడతాయి. ఆ రుసుముతో జరిగిన మరమ్మతు తిరిగి అందరి ప్రతిలోకీ చేరుతుంది.

కాలేజీ జీతం, ప్రయోగశాల సమయం, వ్యాపారుల వాటా, సేవల రుసుము, వ్యక్తుల విరాళం: ఇవన్నీ ఒకదాని మీద ఒకటి చేరాయి. ఏ ఒక్కటి ఆగినా కీక్యాడ్ కూలిపోదు. నా దృష్టిలో దాని అసలు విజయం ఇదే. రాగి గీతల సౌకర్యం దీని తర్వాతే.

పెట్టుబడి వచ్చి, వెళ్లిపోయింది

ఫ్రీక్యాడ్ ఇంకో దారి కూడా చూసింది. 2021లో దాని రచయితలు బ్రస్సెల్స్‌లో ఒక సంఘం నమోదు చేశారు. ఆ సంఘం విరాళాలు పోగుచేసి, ఫలానా పని చేస్తానని ముందుకొచ్చినవాళ్లకు చిన్న చిన్న మొత్తాలు ఇస్తుంది. 2023లో ఆండ్సెల్ అనే అమెరికన్ కంపెనీ పుట్టింది. పెట్టుబడిదారుల డబ్బుతో ఫ్రీక్యాడ్ రచయితల్లో కొందరికి జీతాలిచ్చి, ఫ్రీక్యాడ్ మీద రుసుము కట్టి వాడుకునే సేవలు అమ్మాలన్నది దాని ఆలోచన.

ఏడాదిన్నరలో చాలా పని జరిగింది. విడివిడి భాగాల్ని కలిపి యంత్రంగా బిగించి చూసే అసెంబ్లీ సౌకర్యం ఫ్రీక్యాడ్‌లో ఎన్నాళ్లుగానో అందరూ కోరుకుంటున్నది. దాన్ని ఆండ్సెల్ జీతం మీద రాశారు. కానీ పెట్టుబడిదారులు ఆశించినంత మంది కొనేవాళ్లు దొరకలేదు. 1.0 ప్రతి వెలువడబోతున్న రోజుల్లోనే, 2024 చివర్లో, కంపెనీ మూతపడింది.

దీన్ని చూసి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వ్యాపారం నడవదని కొందరు తేల్చేశారు. నేను ఒప్పుకోను. మామూలు కంపెనీ మూతపడితే దాని సాఫ్ట్‌వేర్ కూడా దాంతోపాటే పోతుంది. ఆండ్సెల్ మూతపడ్డాక అసెంబ్లీ సౌకర్యం ఫ్రీక్యాడ్‌లోనే ఉండిపోయింది, ఇవాళ మన ల్యాబుల్లో పిల్లలు దాన్ని వాడుతున్నారు. అయితే పెట్టుబడి ఓపిక ఏడాది రెండేళ్లు, డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎదిగే కాలం పదేళ్లు ఇరవయ్యేళ్లు. ఈ రెండు గడువులూ పొసగడం కష్టమన్న మాట మాత్రం నిజం.

అవసరమున్నవాళ్ల జేబు

ఎక్కువ కాలం నిలిచినవాటిని తరచి చూస్తే వెనక ఒక పెద్ద సంస్థ, దానికి తప్పించుకోలేని ఒక అవసరం కనిపిస్తాయి. ఫ్రాన్స్‌లో అణువిద్యుత్ కేంద్రాలు నడిపే ఈడీఎఫ్ 1989లో కోడ్ ఆస్టర్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టింది. లోహపు గొట్టం ఎంత ఒత్తిడికి సాగుతుందో, ఎన్నేళ్లకు పగులుతుందో అది లెక్కగడుతుంది. విద్యుత్ కేంద్రం దశాబ్దాలు పనిచేయాలి. అన్నేళ్లూ దాని భద్రతను లెక్కలతో రుజువు చేస్తూనే ఉండాలి. బయటి కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి, ఆ కంపెనీ నడుమన తప్పుకుంటే గతేమిటి? అందుకని సొంతంగా రాయించుకుంది, 2001లో మూలాన్ని అందరికీ తెరిచింది. తెరవడం వల్ల బయటి పరిశోధకులు లెక్కల్ని పరీక్షించి తప్పులు పట్టిస్తారు. భద్రత కోరేవాడికి అది లాభమే. అమెరికా సైన్యపు ప్రయోగశాలలో 1979లో మొదలైన బీఆర్ఎల్ క్యాడ్ కథా ఇలాంటిదే. 2004లో దాని మూలం కూడా బయటికొచ్చింది.

మన దేశంలో ఈ భారం ఎక్కువగా మోసింది కేంద్ర విద్యాశాఖ. ఐఐటీ బొంబాయిలో నడిచే ఫాసీ ప్రాజెక్టుకి ఆ శాఖ నిధులిస్తోంది. సర్క్యూట్లు గీసి పరీక్షించే ఈసిమ్ అక్కడ తయారైంది. దాని లోపల ఉన్నది కీక్యాడ్, ఎన్‌జీస్పైస్ లాంటి ఉచిత సాధనాలే. ఉక్కు కట్టడాల అతుకుల్ని మన ఐఎస్ 800 ప్రమాణం ప్రకారం లెక్కగట్టే ఓస్‌డాగ్ కూడా అక్కడిదే. తెర మీద ఉక్కు దూలాన్ని మూడు కొలతల్లో చూపించడానికి అది ఇంతకుముందు చెప్పుకున్న ఓపెన్ కాస్కేడ్‌నే వాడుకుంటుంది. ఇరవై ఐదేళ్ల కిందట ఫ్రెంచి కంపెనీ తెరిచిన తలుపు లోంచి ఈ రోజు మన సివిల్ విద్యార్థి నడుస్తున్నాడు. విదేశీ కంపెనీ మన ఐఎస్ ప్రమాణం కోసం తీరిగ్గా కూర్చుని సాఫ్ట్‌వేర్ రాస్తుందని ఎదురుచూడనక్కర్లేదు. ఓస్‌డాగ్ లాంటివాటికి ప్రభుత్వ సొమ్ము పెట్టడం నూటికి నూరుపాళ్లు సరైన ఖర్చు.

పూడిక తీసేదెవరు?

ఇక అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. కొత్త సౌకర్యానికి డబ్బు ఏదో రకంగా పుడుతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడానికి పుట్టదు.

ఊరి చెరువు సంగతి తలుచుకోండి. తవ్వించినవాడి పేరు శాసనం మీద ఉంటుంది. ఏటా పూడిక తీసినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. చెరువు నిండాలంటే పూడిక తీయాలి, కట్ట మీద గండి పడకుండా చూడాలి, తూము దగ్గర నీరటి కాపలా ఉండాలి. ఆయకట్టు రైతులందరూ పంట చేతికొచ్చాక నీరటికి ఇన్ని గింజలని కొలిచి ఇచ్చేవాళ్లు. ఆ ఇచ్చింది దానం కాదు. నీళ్లు పారించుకున్నందుకు వాటా. ఆ కట్టుబాటు సడలి, చెరువు ఎవరిదీ కాకుండా పోయాక పూడిక పేరుకుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువుల్ని బాగుచేయడానికి పూనుకోవాల్సి వచ్చింది.

సాఫ్ట్‌వేర్‌లోనూ పూడిక చేరుతుంది. ఫ్రీక్యాడ్‌లో చాలా భాగం పైథాన్ భాషలో ఉంది. పైథాన్ రెండో తరం నుంచి మూడో తరానికి మారినప్పుడు వేలాది వరుసలు తిరగరాయాల్సి వచ్చింది. కిటికీలు, మెనూలు చూపించే క్యూటీ అనే పునాది నాలుగు నుంచి ఐదుకు, ఐదు నుంచి ఆరుకు మారినప్పుడు మళ్లీ అదే పని. వాడేవాడికి ఏ తేడా కనిపించదు. కనిపించకపోతేనే పని సరిగ్గా జరిగినట్టు. దీనికి ఎవరు విరాళమిస్తారు? కొత్త బటన్ పెడతామంటే ఇస్తారు. పాత బటన్ ఇంకా పనిచేస్తుందంటే ఇవ్వరు. ప్రాజెక్టుల వారీగా నిధులిచ్చే సంస్థలు కూడా దరఖాస్తులో "కొత్తగా ఏం చేస్తారు?" అనే అడుగుతాయి. వచ్చిన తప్పుల ఫిర్యాదులు చదివేవాళ్లు, ఇతరులు పంపిన మార్పుల్ని తనిఖీ చేసేవాళ్లు అలిసిపోయి తప్పుకుంటే, కొత్త సౌకర్యాలు రాసిచ్చినా లోపలికి తీసుకునే మనిషి ఉండడు. అందుకే నెలనెలా వచ్చే చిన్న మొత్తం ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద మొత్తం కంటే విలువైనది. దాంతో ఒక మనిషిని నమ్మకంగా కూర్చోబెట్టవచ్చు.

ఎక్కడ అడగాలి

మన దగ్గర ఎవరైనా ఇలాంటి సాధనం రాస్తుంటే తట్టదగ్గ తలుపులు కొన్ని ఉన్నాయి. 2024 అక్టోబరులో జెరోధా కంపెనీ ఫ్లాస్ ఫండ్ పేరుతో ఏడాదికి 10 లక్షల డాలర్ల నిధి మొదలుపెట్టింది. ఒక్కో ప్రాజెక్టుకు 10 వేల నుంచి లక్ష డాలర్ల దాకా ఇస్తుంది. ఇప్పటికే నలుగురూ వాడుతున్న ప్రాజెక్టులకే అది సరిపడుతుంది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌ఎల్‌నెట్ ఫౌండేషన్ యూరోపియన్ కమిషన్ సొమ్ముతో 5 వేల నుంచి 50 వేల యూరోల చిన్న నిధులిస్తుంది. లిబ్రెపీసీబీ అనే మరో సర్క్యూట్ సాధనం అలా నిలదొక్కుకున్నదే. విద్యార్థులకు గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ఉంది. బీఆర్ఎల్ క్యాడ్, ఫ్రీక్యాడ్ లాంటి ప్రాజెక్టులు దాని ద్వారా కొత్తవాళ్లను తీసుకుంటాయి. స్వచ్ఛంద సంస్థగా విదేశీ విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు తప్పనిసరి. దాని సంగతి ముందే చూసుకోవాలి.

ఇంకో తలుపును మనవాళ్లు పెద్దగా తట్టడం లేదు. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఖర్చుపెట్టాలి. ప్రభుత్వ నిధులతో నడిచే ఐఐటీలకు, విశ్వవిద్యాలయాలకు పరిశోధన కోసం ఇచ్చేది ఆ లెక్కలోకి వస్తుంది. హైదరాబాదులో విమాన భాగాలూ కార్ల భాగాలూ డిజైన్ చేసే కంపెనీలున్నాయి. వాళ్ల సీఎస్‌ఆర్ సొమ్ములో కొంత ఇటు మళ్లితే చాలా పని జరుగుతుంది.

అసలు అడ్డంకి మాత్రం డబ్బు కాదనిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్ షెడ్డులోనైనా, బాలానగర్ వర్క్‌షాపులోనైనా కంప్యూటర్‌లో ఉన్నది చాలాసార్లు ఖరీదైన సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ. కాలేజీలకు పెద్ద కంపెనీలే విద్యార్థి లైసెన్సులు ఉచితంగా ఇస్తాయి. రెండు చోట్లా ధర తెలియదు, కనుక ప్రత్యామ్నాయం అవసరమనీ తోచదు. పిల్లాడు ఉద్యోగంలో చేరాక, షెడ్డు యజమానికి లైసెన్సు నోటీసు వచ్చాక గానీ ఆ ధర బయటపడదు. ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి మన దగ్గర పోషకులు పుట్టకపోవడానికి పేదరికం కంటే ఈ దొంగ కాపీ అలవాటే పెద్ద కారణమని నా నమ్మకం.

కాబట్టి ఈ పుస్తకం చదువుతున్న అధ్యాపకులకు నా విన్నపం ఒకటి. మీ ల్యాబులో కీక్యాడో, ఫ్రీక్యాడో, ఓస్‌డాగో నడుస్తుంటే, వచ్చే ఏడాది ల్యాబు బడ్జెట్‌లో సాఫ్ట్‌వేర్ పద్దు కింద దానికీ ఒక వరుస రాయించండి. మొత్తం చిన్నదైనా ఏటా పంపండి. డబ్బు కుదరకపోతే, పని నేర్చిన ఇద్దరు విద్యార్థులకు ప్రాజెక్టు మార్కుల కింద ఆ సాఫ్ట్‌వేర్‌లోని తప్పుల్ని వెతికి, సరిచేసి పంపే పని అప్పగించండి. పూడిక తీసే చేతులు ఈ సాఫ్ట్‌వేర్లకు ఇప్పుడు కావాలి.